నీళ్లు దిగని ఎముక

దెబ్బతిన్న ఎముక స్థానంలో అమర్చే ముక్కను కంప్యూటరే గీసేలా విజయనగరంలో ప్రోగ్రాం రాశాను. ఆ ముక్క నిండా సన్నని రంధ్రాలుండాలి. వాటిలోకి రక్తం వెళ్తేనే కొత్త ఎముక పెరుగుతుంది.

తెల్లారితే ఒకాయన దవడలో పెట్టబోయే ముక్కకు 3డి ప్రింటర్‌లో తీసిన నమూనాను పొందూరులో నేతపని చేసే నాన్నకు చూపించాను. ఆయన బట్టను చూసినట్టే వెలుతురుకు ఎత్తి చూసి, మీద నీటిచుక్క వేశారు.

"నీరు దిగనేదమ్మా. లోపల మూసుకుపోనాది, సూడు."

నా ప్రోగ్రాం రంధ్రాలను లోపాలనుకుని లోపలంతా పూడ్చేసింది. తెరమీద మాత్రం అంతా సరిగ్గా ఉందని ఆకుపచ్చ గుర్తు. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి ఆపరేషన్ ఆపించాను.

కానీ ముందువారం అదే ప్రోగ్రాం గీసిన ముక్క అప్పటికే ఒకామె కాలిలో ఉంది. ఆకుపచ్చ గుర్తు చూసి సంతకం పెట్టింది నేనే. దాన్ని ఎవరమూ వెలుతురుకు ఎత్తి చూడలేదు.