ఆపా ఫోన్‌లోని గొంతు

గల్ఫ్‌లో, ఫుజైరా ఊళ్లో మా బిల్డింగ్ వెనక కొండలు, ముందువైపు కాస్త దూరంలో సముద్రం. సాయంత్రమయ్యేసరికి కొండల నీడ మెల్లగా వచ్చి మా కిటికీలను కప్పి, వీధి దాటి, నీళ్ల మీదికి పాకిపోయేది. ఊళ్లోని మసీదులన్నిటిలో అజాన్ ఒకేచోటి నుంచి ప్రసారమై ఒకే గొంతులో వినిపించేది. ఒక మినారు నుంచి కాస్త ముందు, ఇంకో మినారు నుంచి కాస్త వెనక. ఆ గొంతు తనను తానే వెతుక్కుంటున్నట్టు ఉండేది.

సాయంత్రం పూట అస్ర్ నమాజు అయ్యాక నేను పై అంతస్తులో ఉండే ఆపా, అంటే మేమంతా అక్కా అని పిలిచే ఆవిడ, దగ్గరికి వెళ్లేదాన్ని. మాది కడప వైపు, ఆవిడది నెల్లూరు. వయసులో నాకంటే చాలా పెద్దది. మా ఆయన కొండల్లోని రాళ్ల క్రషర్‌లో మెకానిక్కు. ఆపా భర్త అక్కడి క్వారీలకు నీళ్ల ట్యాంకర్ తోలేవాడు. ఆయన్ని మేమంతా భాయ్ అనేవాళ్లం.

భాయ్‌కి రాయడం రాదు. వాట్సాప్‌లో మాటలు రికార్డు చేసి పంపొచ్చని కొడుకు నేర్పిన రోజు నుంచీ ఆయన ట్యాంకర్ ఆపిన చోటల్లా ఏదో ఒకటి మాట్లాడి ఆపాకు పంపేవాడు.

"మే, ఈడ కొండ మీదికి మబ్బు దిగింది. నా బండి మూతే నాకు కనపడలా. నువ్వు అన్నం తిని పండుకో. నాకోసం చూడబాక."

వెనక ఇంజను రొద, ఎక్కడో మేకల అరుపు. ఆపా చేపల పులుసు కలుపుతూ వినేది. నవ్వుకునేది. తిరిగి ఎప్పుడూ మాట్లాడి పంపేది కాదు. ఫోన్‌తో మాట్లాడాలంటే ఆవిడకు సిగ్గు.

ఒక చలికాలం భాయ్ నిద్రలోనే పోయాడు. ఇక్కడే మట్టి చేశారు. కొడుకుకు ఓడరేవులో ఉద్యోగం, ఆపా వీసా కూడా అతని మీదే. అందుకని ఇద్దత్ ఆ ఫ్లాట్‌లోనే గడిపింది. భర్త పోయిన ఆడమనిషి అవసరముంటే తప్ప గడప దాటని గడువు అది. ఆ రోజుల్లో నేను వెళ్లేసరికి ఆవిడ కిటికీ పక్కన చాప మీద కూర్చుని, ఒళ్లో ఫోన్ పెట్టుకుని వింటూ ఉండేది. ఏడ్చేది కాదు. మబ్బు దిగిందని ఆయన చెబుతుంటే ఎండలో మెరుస్తున్న కొండల వైపు తలెత్తి చూసేది. నేనూ చూసేదాన్ని. కాసేపటికి నాకూ అక్కడ మబ్బు కనిపించేది.

మా బిల్డింగ్ ఆడవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. ఒకప్పుడు ఇదే బిల్డింగ్‌లో ఉండి నెల్లూరు వెళ్లిపోయిన ఆపా మరిది భార్య కూడా అందులో ఉంది. ఒకరోజు ఆమె ఒక వీడియో పంపింది. అందులో ఎవరో ప్రసంగీకుడు, వెనక నీలి దీపాలు. చనిపోయినవాళ్ల గొంతు వినడం హరామని, అంటే మతం ఒప్పని పాపమని, విన్నప్పుడల్లా సమాధిలో ఆ మనిషికి బాధ కలుగుతుందని ఉర్దూలో చెబుతున్నాడు.

మర్నాడు వెళ్తే ఆపా ఒళ్లో ఫోన్ లేదు. పాత దుపట్టాలో చుట్టి నా చేతిలో పెట్టింది.

"నీ కాడ పెట్టుకో. ఆ మాటల్ని నేను తీసెయ్యలేను. నా కాడుంటే వినకుండా ఉండలేను."

"ఎవరో ఏదో చెప్తే అదే నిజమా, అమ్మీ?" అన్నాడు పక్కనే ఉన్న కొడుకు.

"అంతమంది వింటా ఉండారు ఆయన మాట. తెలవకుండా చెప్తాడా?"

అప్పటి నుంచి ఆపా ముద్ద మింగేది కాదు. చాప మీద గోడ వైపు తిరిగి పడుకునేది. నేను నా ఫోన్‌లో వెతికాను. ఒక మౌలానా తప్పు లేదన్నాడు. ఇంకొకాయన పాపమన్నాడు. మూడో ఆయన ఫోన్ ఉండటమే పాపమన్నాడు. అందరి గొంతుల్లోనూ అదే ధీమా. వింటూ వింటూ నాకే తల తిరిగింది.

మా ఆయన జుమా నమాజు తర్వాత ఇమాము గారిని అడిగాడు. ఆయన సూడాన్ మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "నేను నమాజు చదివిస్తాను. శుక్రవారం చెప్పే ఖుత్బా ప్రసంగం కూడా సర్కారు నుంచి రాసి వచ్చిందే చదువుతాను. ఏది తప్పో ఏది కాదో ఫత్వా చెప్పడం నా పని కాదు. దానికి సర్కారు ఫోన్ నంబరుంది, ఉర్దూలో కూడా చెబుతారు" అన్నాడట.

ఒక సాయంత్రం ఆపా ఇంట్లోనే స్పీకర్ పెట్టి ఆ నంబరుకు ఫోన్ చేశాను. చాలాసేపటికి ఒక పెద్దాయన పలికాడు. నేను విషయం చెప్పబోతే, ఆ అమ్మనే మాట్లాడమన్నాడు. ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఉర్దూలో తడబడుతూ అంతా చెప్పింది.

"వింటే గుండెలు బాదుకుని ఏడుస్తావా, అమ్మా?"

"లేదు. మనసు నిమ్మళంగా ఉంటుంది."

"ఆ మాటల్లో ఏముంది?"

ఆపా నా వైపు చూసింది. "ఏముంది సాయిబూ, కొండ మీద మబ్బు, వాన. అన్నం తినమని."

ఆయన, "విను తల్లీ, తప్పు లేదు. విన్నాక ఆయన కోసం అల్లాకు దువా చెయ్యి. బరువనిపిస్తే కొన్నాళ్లు పక్కన పెట్టు" అన్నాడు. భాయ్ పేరు అడిగి, ఆ పేరుతో తనూ దువా చేశాడు. ఆపా ఆమీన్ అంది. ఆ ఇంట్లో ఆవిడ ఏడవడం నేను అప్పుడే చూశాను.

ఆ సాయంత్రమే ఆవిడ తన ఫోన్ నా దగ్గర్నుంచి తిరిగి తీసుకుని, మాటలు రికార్డు చేసే మీట ఎలా నొక్కాలో నన్నడిగి, గ్రూపులో మొదటిసారి మాట్లాడింది.

"నేను సర్కారు నంబరుకి ఫోన్ చేసి అడిగినాను. తప్పు లేదన్నారు. ఎవరికైనా సందేహముంటే వాళ్లనే అడగండి. నన్ను ఇట్ట భయపెట్టబాకండి."

మరిది భార్య జవాబుగా ఇంకో వీడియో పంపింది. ఆపా అది తెరవలేదు. కొన్నాళ్లకు మరిది భార్య గ్రూపులోంచి తప్పుకుంది. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య మునుపటంత మాట లేదు. అది ఆపాకు బాధే.

ఇద్దత్ ముగిసింది. తర్వాత బిల్డింగ్ ఆడవాళ్లు ఏదైనా వీడియో చూసి బెదిరితే ఆపా తలుపు తట్టడం మొదలైంది. "ఉండబ్బా, అడుగుదాం" అని ఆవిడే నంబరు నొక్కేది. ఆ పెద్దాయన మళ్లీ ఎప్పుడూ పలకలేదు. ఇంకెవరో, కొందరు ఓపికగా, కొందరు ముక్తసరిగా చెప్పేవాళ్లు. ఆపా అందరికీ షుక్రియా చెప్పేది.

భాయ్ మాటలు వినడం ఆవిడ తగ్గించింది. ఎందుకని నేను అడగలేదు. ఒకరోజు తనే చెప్పింది. "తెల్లారుజామున కల్లో వస్తా ఉండాడు. ఏందేందో మాట్లాడతాడు."

"అది మంచిదేనా అని ఫోన్ చేసి అడుగుదామా, ఆపా?"

ఆవిడ కొత్తిమీర గిల్లుతూనే ఉంది. "వద్దులే మే," అంది. "దాని గురించి నేను ఎవుర్నీ అడగను."