కొండమీద హాజరు పుస్తకం

డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు. కడపలో సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి నడవాలంటే దుమ్ము, హారన్ల మోత. నడకకు ఎగనామం పెడుతూ వచ్చాను. అది కనిపెట్టి, పక్క సీటు ఆవిడ నా ఫోన్లో ఒక ఆట ఎక్కించింది. దాన్ని జియోక్యాషింగ్ అంటారట. ఎవరో ఒక డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు గుర్తులు ఫోన్లో పెడతారు. మనం వెతుక్కుంటూ వెళ్లి, అందులోని పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టి రావాలి. మ్యాప్ తెరిచి చూస్తే ఒంటిమిట్ట దగ్గర, మా వదినవాళ్ల ఊరి వెనక కొండ శిఖరం మీద ఒక డబ్బా ఉన్నట్టు కనబడింది.

వదిన అంటే మా ఆయన అక్క. అరవై దాటినా ఇంకా మగ్గం మీద కూర్చుని చీరలు నేస్తుంది. ఆదివారం పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి సంగతి చెప్పాను. మగ్గం ఆపి శ్రద్ధగా విన్నది.

"ఎవురో దాచినారు. మనం పోయి వెతికి, మళ్లా ఆడే పెట్టి రావల్ల. అంతేనా?"

"అంతే వదినా."

"మనకేమొస్తాది?"

"ఏమీ రాదు."

మగ్గం గుంతలోంచి లేచింది. "అయితే ఎండెక్కక ముందే పోదాం పా మే. నేనా కొండ జూస్తా పెరిగినా గానీ, పైకి ఒక్కసారన్నా ఎక్కిండ్లా."

నేను కొత్త బూట్లు వేసుకున్నాను. ఆమె హవాయి చెప్పులతో, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని బయల్దేరింది. సగం కొండ ఎక్కేసరికి నాకు ఊపిరి అందలేదు. ఆమె ముందు ముందు పోతూ, సీతాఫలం చెట్ల దగ్గర మాత్రం ఆగి, పండినవి ఏరి నా సంచిలో వేస్తోంది. ఇంత సత్తువ ఎక్కడిది వదినా అంటే, "నలభై ఏండ్లు మగ్గం గుంతలో కాళ్లాడిచ్చినా. ఈ కొండ నాకో లెక్కా?" అంది.

పైకి చేరాక అసలు కష్టం మొదలైంది. ఫోన్లో గుర్తు ఒక చోట నిలవదు. ఈ బండ దగ్గరికి వెళ్తే ఆ బండ చూపిస్తుంది, ఆడికి పోతే ఈడ చూపిస్తుంది. రాళ్లు పక్కకు దొర్లించి చూశాం, పొదల కింద వంగి చూశాం. ఒక తేలు తప్ప ఏమీ కనబడలేదు.

"ఏయ్! ఎవురు మీరు? ఏం తవ్వుతాండారాడ?"

ఉలిక్కిపడి చూశాను. పది పదిహేను మేకల మధ్య, కర్ర పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మా వైపు కొండల్లో గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు తిరుగుతుంటారు. మమ్మల్ని కూడా ఆ జట్టే అనుకున్నాడు. "ఊర్లోవాళ్లను పిల్చేదా?" అని ఫోన్ తీశాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. వదిన మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమప్పా, గడ్డపార లేదు, చలికె లేదు, గోళ్లతో తవ్వుతామా? డబ్బా కోసరం వచ్చినాం. పుస్తకముంటాదంట అందులో."

ఆయన ముఖం ఒక్కసారిగా విప్పారింది. "ఆ డబ్బాకా! ముందే చెప్పకూడదా అక్కా? వానకు తడుస్తాందని నేనే తీసి వేరేతావ పెట్నా. రాండి."

ఇరవై అడుగుల దూరంలో, ఒక గుండురాయి కింది సందులోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి ఇచ్చాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు. పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో నాలుగైదు పేర్లు, బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లవి. ఆ తర్వాత పేజీలన్నీ ఒకటే దస్తూరీ. పెద్ద పెద్ద వంకర అక్షరాలు. ఒకటే పేరు, కింద "వచ్చినా" అని. మళ్లీ అదే పేరు, "వచ్చినా". కొన్నిచోట్ల "వాన". ఒకచోట "నల్ల మేక ఈనింది". ఇంకోచోట "నిన్న జొరం, రాలేదు".

"ఇదంతా నువ్వేనా రాసింది?" అన్నాను.

"నేనే. కొండెక్కినోళ్లు పేరు రాయల్లని మొదుటి పేజీలో ఉండాది గదా. నేను దినామూ ఎక్కుతాండా. అందుకే దినామూ రాస్తాండా."

వదిన నవ్వు ఆపుకోలేక బండ మీద కూలబడింది. నేనూ నవ్వాను. ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని భయపడ్డాను గానీ, ఆయన కూడా మాతో కలిసి నవ్వాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మా ఊర్లో పెద్దోళ్లకు బడి పెట్నప్పుడు నేర్చుకున్యా. రాసేదానికి నాకింగ యాడా పని లేదక్కా. రాయకపోతే మర్చిపోతానని."

నా నవ్వు ఆగిపోయింది. మా ఆఫీసు హాజరు పట్టీలో, నిన్న ఎందుకు రాలేదో ఇంత నిజాయితీగా రాసినవాళ్లు ఒక్కరూ లేరు. మేం పేర్లు రాయడానికి ఆ పుస్తకంలో ఒక్క ఖాళీ పేజీ మిగల్లేదు. చివరికి అట్ట లోపలి వైపు, మూలకు ఇద్దరం ఇరికించి రాశాం. అందరూ ఏదో ఒక వస్తువు డబ్బాలో ఉంచుతారని నేను చెబితే, వదిన కొంగుముడి విప్పి ఎర్రదారం చుట్టిన కండె ఒకటి తీసి అందులో పెట్టింది. కండె కొంగున కట్టుకుని కొండెక్కే మనిషిని ఆమెనే చూశాను. సీతాఫలాలు ముగ్గురం బండ మీద కూర్చుని తిన్నాం.

ఇంటికొచ్చాక, డబ్బా దాచినవాళ్లకు ఆ ఆటలోనే సంగతి రాశాను. మరుసటి రోజు జవాబొచ్చింది. అందులో సగం నవ్వు బొమ్మలే. ఈసారి రెండు పుస్తకాలు పెట్టండి, ఒకటి వచ్చేపోయేవాళ్లకు, ఒకటి ఆయనకు అని రాశారు. నెల తిరక్కుండానే రెండు కొత్త పుస్తకాలు తీసుకుని మళ్లీ ఎక్కాం. ఆ రోజు ఆయన కనబడలేదు. ఆయన పుస్తకం మీద ఆయన పేరు రాసి, పెన్ను కూడా డబ్బాలో పెట్టి దిగొచ్చాం.

వారం తర్వాత వదిన ఫోన్ చేసింది. మేకలాయన కొండ దిగి, వాళ్ల ఇల్లు కనుక్కుని వచ్చాడట.

"పుస్తకం శానా బాగుండాదంట మే. గీతలే బొత్తిగా దగ్గరదగ్గరగా ఉండాయంట, ఆయప్ప అక్షరాలు పట్టడం లేదంట."

"మరి నువ్వేం చెప్పినావు?"

"గీత ఇడిసి గీత రాయప్పా అని చెప్పినా. మజ్జిగ తాగి పోయినాడు."