బడి గోడ మీద కబుర్లు

లేయా టీచరు ఆ ఊరి ఎలిమెంటరీ స్కూల్లో చేరేనాటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. రెడ్డిగూడెం నుంచి నూజివీడు వెళ్ళే రోడ్డును ఆనుకుని, చుట్టూ మామిడి తోటలున్న చిన్న ఊరు అది. ఆమె తండ్రి అలాంటి తోటల్లోనే కాయ కోసే కూలీ. మిషను హాస్టల్లో ఉండి చదువుకుని, ట్రైనింగు పూర్తిచేసి, ఆ ఇంట్లో నెల జీతం అందుకున్న మొదటి మనిషి ఆమే. గొంతు పెంచి మాట్లాడేది కాదు. పిల్లలు అల్లరి చేస్తే పాఠం ఆపేసి, వాళ్ళు సర్దుకునేదాకా కిటికీ దగ్గర నిలబడేది.

బడికి రోడ్డు వైపున్న గోడ మీద ఒక చోట నున్నగా పూత పూయించి, నల్లరంగు వేయించింది ఆమే. పొద్దున్నే పిల్లల్ని అడిగి, వాళ్ళు చెప్పిన సంగతులు సుద్దముక్కతో గుండ్రటి అక్షరాల్లో అక్కడ రాసేది. 'రెండో తరగతి కృపావతి వాళ్ళ మేక రెండు పిల్లల్ని పెట్టింది.' 'శారదకు జ్వరం తగ్గింది. రేపటి నుంచి బడికి వస్తుంది.' ఊరికి వచ్చే పేపరు ఒక్కటే, అదీ టీకొట్టుకి. అందులో ఈ ఊరి పిల్లల పేర్లు ఎప్పుడూ ఉండేవి కావు. గోడ మీద ఉండేవి. చదువురాని తల్లులు పనికి వెళ్తూ ఆగి, ఏం రాశారో పిల్లలచేత చదివించుకుని, నవ్వుకుంటూ వెళ్ళేవారు. హెడ్మాస్టరు కోటేశ్వరరావు గారు కూడా సమితి ఆఫీసు నుంచి ఎవరొచ్చినా ముందు ఆ గోడే చూపించేవారు.

ఎనభై మూడు ఏప్రిల్లో ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. కాయ కోతకు వచ్చింది. రోడ్డంతా లారీలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులు. మూడో తరగతిలో ఉమ అనే పిల్ల ఉండేది. తోటకి కాపలా కాసే యలమంద కూతురు. ఒకరోజు పొద్దున్న ఉమ ఆయాసపడుతూ వచ్చి, "టీచర్, మాకు తమ్ముడు పుట్టాడు" అంది. లేయా ఆ పిల్లను పక్కన నిలబెట్టుకునే రాసింది. 'మూడో తరగతి ఉమకు తమ్ముడు పుట్టాడు. వాళ్ళ అమ్మ వరలక్ష్మి నూజివీడు ఆసుపత్రిలో ఉంది. నాన్న యలమంద అక్కడే ఉన్నాడు. ఉమ అమ్మమ్మ దగ్గర ఉంటోంది.' తన పేరు రెండుసార్లు వచ్చిందని ఉమ అందరికీ చూపించుకుంది.

మర్నాడు బడి వదిలే వేళకి సైకిలు మీద ఒకతను వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో తువ్వాలు. గుమ్మం బయటే చెప్పులు విడిచి నమస్కారం పెట్టాడు.

"యలమంద పంపించాడండి. ఆసుపత్రి నుంచే వస్తున్నా. పిల్లని చూడాలని వరలక్ష్మి ఒకటే కలవరిస్తోంది."

"వాళ్ళ అమ్మమ్మకి చెప్పారా?"

"చెప్పే వచ్చానండి. మగపిల్లాడు పుట్టాడని యలమంద సంబరం అంతా ఇంతా కాదు."

ఉమ కదలకుండా టీచరు మొహం వంక చూసింది.

"వెళ్ళమ్మా, తమ్ముణ్ణి చూసిరా" అంది లేయా. పలకా సంచీ తనే సర్ది ఇచ్చింది.

ఎండ బాగా ముదిరాక అమ్మమ్మ బడికి వచ్చింది. లేయా తాళం వేస్తోంది.

"పిల్ల ఇంకా ఇంటికి రాలేదేంటి టీచరమ్మా?"

"నూజివీడు వెళ్ళింది కదా మామ్మా. మీకు చెప్పాడటగా?"

"నాకెవరు చెప్పారు?"

ఆ తర్వాత ఆ ముసలామె అరిచిన అరుపుకి టీకొట్టు దగ్గరున్న వాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. ఒకరు బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళారు. మిగిలినవాళ్ళు తోటల్లో పడ్డారు. చెట్ల మీద ఉన్నవాళ్ళు కాయ కోయడం ఆపి దిగివచ్చారు. లేయా చెప్పులు లేకుండా తోట తోటా తిరుగుతూ ఉమ పేరు పిలిచింది. తను అంత గట్టిగా అరవగలనని అప్పటిదాకా ఆమెకే తెలియదు.

పొద్దు వాలుతుండగా నూజివీడు దారిలో ఒక తోటలో, ఖాళీగా ఉన్న కావలి పాకలో ఉమ దొరికింది. చెవులకున్న బంగారు పోగులు లేవు. ఎడమ చెవి తమ్మె తెగి, గౌను భుజం మీద రక్తం ఎండిపోయి ఉంది. ఒంటి మీద ఇంకే గాయమూ లేదు. కానీ ఎవరు పలకరించినా మాట్లాడలేదు.

పోలీసులు వచ్చారు. "ఆసుపత్రి సంగతి, పిల్లాడు పుట్టిన సంగతి, అన్నీ తెలిశాయంటే ఇంటి గుట్టు తెలిసినవాడే చెప్పి పంపుంటాడు" అన్నాడు సబిన్‌స్పెక్టరు. ఆసుపత్రిలో యలమందకు తోడున్నది రత్నబాబు. కాయలు గంపలకెత్తే కూలీ, ఆదివారాలు లేయా వెళ్ళే చర్చికే వస్తాడు. అతన్ని స్టేషనుకు తీసుకెళ్ళారు. ఊళ్ళో అందరూ అతని పేరే అనుకోవడం మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున్న కబుర్లు రాయడానికని లేయా అలవాటుగా సుద్దముక్క పట్టుకుని గోడ ముందుకు వెళ్ళింది. ఉమ చెరపొద్దందని ఉంచేసిన మొన్నటి రాత ఇంకా అలాగే ఉంది. ఆ సైకిలు మనిషి తనతో అన్న ప్రతి మాటా అక్కడ ఉంది. తల్లి పేరు, తండ్రి పేరు, ఆసుపత్రి, అమ్మమ్మ. రోడ్డున పోయే ఎవరైనా సైకిలు దిగకుండానే చదువుకోవచ్చు. ఆమె సుద్దముక్క పక్కన పెట్టి అరుగు మీద కూర్చుండిపోయింది.

కోటేశ్వరరావు గారు చూసి దగ్గరకొచ్చారు. ఆయనకీ అర్థమైంది. తడిగుడ్డ తెచ్చి గోడ తనే తుడిచేశారు.

"ఇంక దీని ఊసెత్తకండి లేయాగారూ. మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకోండి."

"రత్నబాబు సంగతేంటండీ?"

ఆయన తడిగుడ్డ పిండుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. లేయా దొరికిన బస్సెక్కి స్టేషనుకు వెళ్ళి, తను ఏం రాసిందో, పిల్లను ఎలా పంపిందో మొత్తం చెప్పింది. సాయంత్రానికి రత్నబాబును వదిలేశారు. అక్కడి నుంచి ఆమె నేరుగా యలమంద ఇంటికి వెళ్ళి, ఆ మాటే మళ్ళీ చెప్పింది. అమ్మమ్మ తిట్టిన తిట్లన్నీ నిలబడి పడింది. యలమంద మాత్రం, "మా పేర్లు గోడెక్కాయని ఆసుపత్రిలో అందరికీ గొప్పగా చెప్పానండి" అని తల వంచుకున్నాడు.

మంచం మీద ఉన్న ఉమ అప్పుడు మాట్లాడింది. "నువ్వే వెళ్ళమన్నావు టీచర్."

"అవునమ్మా. నేనే వెళ్ళమన్నాను."

సమితి నుంచి సంజాయిషీ అడిగారు. ఒక ఇంక్రిమెంటు ఆపేశారు. సైకిలు మనిషి దొరకనే లేదు.

జూన్లో బడి తెరిచాక లేయా కబుర్లు మానలేదు. బోర్డు లోపలి గోడకు మార్చింది. ఎవరు ఊళ్ళో లేరో, ఎవరు ఎవరి దగ్గర ఉంటున్నారో అందులో రాసేది కాదు. రోజూ కాసేపు పిల్లలచేత ఒక ఆట ఆడించేది. ఒకరు కొత్తమనిషిలా వచ్చి అవతలివాళ్ళ పేరు, నాన్న పేరు చెప్పి రమ్మని పిలవాలి. పిలిచినవాడికి ఎంత తెలిసినా సరే, రెండోవాళ్ళు గట్టిగా కేకేసి టీచరు దగ్గరకు పరుగెత్తాలి. పిల్లలు నవ్వుతూ ఆడేవారు. ఉమ మాత్రం చివరి వరసలో కూర్చుని చూసేది. లేయా ఆ పిల్లను ఎప్పుడూ రమ్మనలేదు. పిల్లల్ని తీసుకెళ్ళేది ఎవరైనా సరే, తల్లో తండ్రో ముందుగా తనతో చెప్పాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కొందరు విసుక్కున్నారు కూడా.

వానలు పట్టాక ఒక మధ్యాహ్నం రత్నబాబు గొడుగేసుకుని బడికి వచ్చాడు.

"యలమంద తోటలో ఇరుక్కుపోయాడు టీచర్ గారూ. ఉమని ఇంటి దగ్గర దింపమన్నాడు."

"యలమంద నాతో చెప్పలేదు రత్నబాబుగారూ."

అతని మొహం నల్లబడింది. "ఇంకా నా మీద అనుమానమేనా?"

"మీ మీద లేదు. ఒకరి మాట నమ్మి ఒక పిల్లను పంపాను. ఇంకోసారి పంపలేను. ఉండండి, నేనూ వస్తాను."

మిగతా పిల్లల్ని హెడ్మాస్టరు గారికి అప్పగించి ఆమె వచ్చాక, ముగ్గురూ వానలోనే బయల్దేరారు. గొడుగు ఉమ మీద పట్టి రత్నబాబు తడుస్తూ నడిచాడు. వరలక్ష్మి గుమ్మంలోకి వచ్చి ఉమను లోపలికి తీసుకుంది. తిరుగుదారిలో చాలా దూరం వచ్చాక రత్నబాబు ఆగాడు.

"మా పాప జోజమ్మని వచ్చే ఏడు మీ బళ్ళోనే వేస్తానండి. దాన్ని కూడా ఎవరొచ్చి అడిగినా పంపకండి. నేను పంపానన్నా సరే."

లేయా తల ఊపింది. వాన నీళ్ళు మొహం మీద నుంచి తుడుచుకుని, మిగతా పిల్లలు ఎదురుచూస్తుంటారని త్వరత్వరగా బడి వైపు నడిచింది.