ట్రాక్టరు దగ్గర నేనన్న ‘ఆపి’

మా ట్రాక్టరంటే నాకు మొదటినుంచీ భయమే. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను కూడా భయపడతానని తెలిస్తే ఈ ఇంట్లో గిన్నెలు కూడా సరిగ్గా తోమరు.

కువాలా సెలంగోర్ దగ్గర మాకు చిన్న పామాయిల్ తోట ఉంది. కోసిన గెలల్ని రోడ్డు దాకా లాగేది ఆ పాత పెట్రోలు ట్రాక్టరే. మా ఆయన ఎస్టేటులో డ్రైవరుగా ఉన్నప్పుడు, వాళ్లు పక్కన పడేస్తే తెచ్చుకున్నారు. దానికి ముందువైపు ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పే చోటు ఉంది. నా చిన్నప్పుడు ఎస్టేటులో ఒక డ్రైవరు అలాగే తిప్పుతుంటే ఇంజను ఎదురు తన్నింది. హ్యాండిల్ వెనక్కి తిరిగి అతని ముంజేతి ఎముక విరిచేసింది. నేను మూడో తరగతితో బడి మానేసిన ఏడాది అది. చదివిన పాఠాలు ఒక్కటీ గుర్తులేవు. ఆ చెయ్యి వేలాడిన తీరు మాత్రం గుర్తుంది.

ఈ ఏడాది ట్రాక్టరు మొండికేసింది. డిస్ట్రిబ్యూటర్ అని ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. అందులో రెండు చిన్న పాయింట్లు కలుస్తూ విడిపోతూ ఉంటేనే ప్లగ్గులో నిప్పురవ్వ పడుతుంది. ఎన్నో ఏళ్లు వాటిని గరుకు కాగితంతో రుద్ది ఇచ్చింది నేనే. కొత్తవి కొంటానని ఆయనంటే, ఇంకా అరగలేదు కదా అనేదాన్ని. ఈసారి రుద్దడానికి ఏమీ మిగల్లేదు. ఆయన క్లాంగ్ టౌనుకు వెళ్లి, పాయింట్లే అక్కర్లేని ఎలక్ట్రానిక్ ముక్క ఒకటి, దానికి తగ్గ కాయిల్ ఒకటి తెచ్చారు. అంత చిన్న ప్లాస్టిక్ ముక్క ఇంత ఇనుమును నడుపుతుందంటే నాకు నమ్మకం కుదరలేదు.

బిగించే రోజు సాయానికి కోడలు సీటెక్కింది. తను టౌనులో పెరిగిన పిల్ల. పుట్టింట్లో తమిళం, బడిలో మలాయ్. మన మాట సగం అర్థమవుతుంది, సగం ఊహించుకుంటుంది. మాట చివర ఇక్కడివాళ్లలా ఒక ‘లా’ తగిలిస్తుంది. అందుకని ఆయన మలాయ్ మాటలు కలిపే చెబుతున్నారు. మలాయ్‌లో నిప్పును అపి అంటారు. ప్లగ్గు దగ్గర పడే రవ్వ కూడా మాకు అపియే. ఆయన ప్లగ్గు తీసి ఇంజనుకు ఆనించి పట్టుకుని “అపి” అంటే, తను తాళం తిప్పేది. పొద్దున్నించి నాలుగుసార్లు అలాగే జరిగింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి వింటూనే ఉన్నాను.

అన్నీ బిగించి స్టార్టు చేస్తే ఇంజను ఒక్కసారి ఢామ్మని పేలి ఆగిపోయింది. రవ్వ ముందే పడిపోతోంది, టైమింగ్ తప్పిందన్నారు. ఇక తాళం ఆపేసి, ఇంజనును హ్యాండిల్‌తో మెల్లగా, చక్రం మీద గీసిన గుర్తు దాకా తిప్పి సర్దాలట. ఆయన హ్యాండిల్ దూర్చి వంగేసరికి నేను గుమ్మం దిగాను. డెబ్బై దాటిన చెయ్యి అది. తాళం ఆపారో లేదో ఒకసారి చూసుకోండి అని చెప్పాలి. అంత మాట నోట రాలేదు.

“ఆపి, ఆపి తిప్పండి” అన్నాను గట్టిగా.

సీటు దగ్గర టిక్కుమంది. కోడలు ఆపిందిలే అనుకున్నాను.

ఆయన హ్యాండిల్ పైకి లాగారు. ఇంజను మళ్లీ పేలింది. హ్యాండిల్ ఎదురు కొట్టి ఆయన చేతిలోంచి ఎగిరి మట్టిలో పడింది. ఆయన చెయ్యి పొట్టకు అదుముకుని కూలబడ్డారు.

నేను పరుగెత్తి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఒక్కో వేలూ కదపమన్నాను. బొటనవేలు కదిలేదాకా ఆ చెయ్యి వదల్లేదు. బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ వెయ్యకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచడం డ్రైవర్లకు అలవాటు. అదే కాపాడింది.

తాళం ఎందుకు తిప్పావని కోడలి మీద విరుచుకుపడ్డాను.

“నాను ముందే ఆఫ్ సేసినాను లా, అత్తా. మీరే కదా అపి అన్నారు. మావయ్యకి అపి కావాలేటో అనుకున్నాను.”

ఆయన నవ్వబోయి నొప్పికి ఆగారు. “దాన్నేటంటావు. నీ నోరే తాళం తిప్పినాది” అన్నారు.

నాకు నవ్వు రాలేదు. ఆగి ఉన్నదాన్ని నేనే రగిలించాను.

క్లినిక్కులో ఫొటో తీసి ఎముక విరగలేదన్నారు. రెండు రోజులకు ఆయన ఎడమచేత్తో మళ్లీ మొదలుపెట్టారు. కోసిన గెలలు మెత్తబడుతున్నాయని నేనూ వద్దనలేకపోయాను. కోడల్ని దింపి నేనే సీటెక్కాను. తాళం గుప్పిట్లో పెట్టుకుని, బ్యాటరీ వైరు కూడా ఊడదీయించాను. అప్పుడుగానీ ఆయన్ని హ్యాండిల్ ముట్టనివ్వలేదు.

టైమింగ్ కుదిరింది. హ్యాండిల్ తీసి పక్కన పెట్టి, వైరు తగిలించి, “ఇప్పుడు నానేటనాలి?” అని అడిగారు.

“ఏటీ అనొద్దు. సెయ్యెత్తండి” అన్నాను.

ఆయన వాచిన చెయ్యే ఎత్తారు. నేను కళ్లు మూసుకుని తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. ఆ చప్పుడులో ఆయన గొంతు వినబడేదాకా నేను కళ్లు తెరవలేదు.