తోడేలు పెంటలో దొరికిన వెంట్రుకలు

చచ్చిన మేక వెనక కాళ్లు పట్టుకుని నేనిటు లాగుతున్నాను, ముందు కాళ్లు పట్టుకుని ఖాజా చాచా అటు లాగుతున్నాడు. ఆయన జేబులో పురుగుమందు గుళికల పొట్లం ఉంది. పోయినేడు యాలాల్ దగ్గర కందిచేలు పూతకొచ్చిన రోజులవి. చాచాకు మేకలతోపాటు రెండెకరాల కంది కూడా ఉంది. నేను చదివింది పదో తరగతే. అడవిశాఖలో రోజుకూలి ట్రాకర్‌ను, అంటే అడుగులు, పెంట చూసి ఏ జంతువు ఎటు తిరుగుతున్నదో రాసుకునే పని.

"వదులు బిడ్డా! దీనికి మందు కలుపుత. మిగిలింది తినేటందుకు తోడేలు మళ్ల వస్తది, ఖతం. అది నీ చుట్టమా ఏంది?"

"చుట్టమే అనుకో చాచా. జింకల నుంచి నీ కందిని కాపాడుతున్నది. మేకను కుక్కలే కొరికినయి."

"నువ్వు చూసినవా?"

"ఆగు, చూపిస్త."

గట్టు మీద దొరికిన తోడేలు పెంటను (మేం స్కాట్ అంటాం) చాయ్ వడకట్టే జాలిలో వేసి కడిగాను. తోడేలుకు అరగని వెంట్రుకలు అందులో మిగులుతాయి. కృష్ణజింకవి చాలానే తేలాయి. వాటి మధ్య నల్లటి పొడుగు కుచ్చు ఒకటి! చాచా దాన్ని తీసి చచ్చిన మేక నల్లటి వీపు మీద పెట్టాడు. అచ్చం కలిసిపోయింది.

"గిది జింకదా?"

నా మొహం చిన్నబోయింది. "మేకదే చాచా. నేనే తప్పు చెప్పిన."

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "మరి జింకల ముచ్చటన్న నిజమేనా?"

"అన్నిటిని తినదు. పిల్లల్ని, కుంటివాటిని పడ్తది. కానీ అది తిరుగుతుంటే మంద ఒక్క చేన్ల నిలవదు, బెదిరి కదులుతుంటది. పక్కూర్ల తోడేళ్లకు మందు పెట్టినంక ఏమైంది?"

"మా బామ్మర్ది చేను గాడనే. జింకలు పండుకొని మరీ మేస్తున్నయి."

"మరి నా మేకలు?" అన్నాడు చాచా. ఎరువు కోసం ఆయన రాత్రిళ్లు మేకల్ని ఖాళీ చేలల్లో మందపెడతాడు. చుట్టూ పల్చటి వల తప్ప అడ్డం ఉండదు.

"ముళ్లకంప కడ్దం. ఆ పొట్లం నాకియ్యి."

"మళ్లొక మేక పోతే?"

"నన్ను తిట్టు. పొట్లం మాత్రం అడగకు."

చాచా జేబులోంచి పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. మేకను ఇద్దరం లోతుగా పూడ్చాం. అన్నీ తెలిసినట్టు వాదించినంతసేపు ఆయన వినలేదు. ఏ జంతువును కాపాడాలన్నా, దానివల్ల నష్టపోయిన మనిషి మాట ముందు ఒప్పుకోవాలని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే గొడ్డలితో వెళ్లి సర్కారుతుమ్మ కంప నరికాను. చాచా చాయ్ తాగి వచ్చేసరికి, మేకల మందకు ఒక పక్క మనిషెత్తు కంప పేర్చేశాను.