నల్ల తెరను నేనెందుకు వదలను

మా చిన్నప్పుడు... వనపర్తిలో మా ఇంటి వెనుక అర్రకు కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా అందులో చీకటే. మడి కట్టుకున్న మా అవ్వ ఆ గురుగుల, జాడీల నడుమ కూర్చునేది. పిల్లలం గడప దాటరాదు. ఏది కావాలన్నా ఇవతల నిలబడి నోటితో అడగవలసిందే.

వేలు చూపితే మాత్రం దొరికేది కాదు...

ఒక వేసవి సెలవుల్లో మా ఇంటికి వచ్చిన మేనబావ చీకట్లోకి వేలు చాచి, "అది కావాలె" అన్నాడు. అవ్వ తాపీగా ఒక శొంఠికొమ్ము తీసి, తగలకుండా పైనుంచి అతని చేతిలో వేసింది.

"నువ్వు జూపిన దిక్కు గిదే ఉన్నది నాయనా. నములు."

నువ్వులుండ అన్నా సరిపోదు. నల్లనువ్వులదా, తెల్లనువ్వులదా? ఎన్ని? ఎవరికి? అన్నీ మనసులో కూర్చుకొని, "అవ్వా, నల్లనువ్వుల ఉండలు రెండు, చెల్లెకు" అని ఒక్క వాక్యంగా పలికితే, ఆమె మారుమాట లేకుండా దోసిట్లోకి జారవిడిచేది. తప్పుగా అడిగితే చీవాట్లు... సరిగా అడిగితే మౌనం. ఆ మౌనమే మాకు మెప్పు.

నా కంప్యూటరుతో నేను నెరపే వ్యవహారమూ అచ్చంగా ఇదే. బాణాన్ని జరుపుతూ బొమ్మల మీద నొక్కే పద్ధతి నాకు పట్టదు. నల్లని తెర, మిణుకుమనే ఒక చిన్న గీత, దాని పక్కన నేను టైపు చేసే ఆజ్ఞ... అంతే. ఉద్యోగంలో ఉన్ననాడు యంత్రాలు అలాగే ఉండేవి. బొమ్మలు తరువాత వచ్చాయి. నేను వాటి వెంట వెళ్లలేదు.

మా వంశంలో ఒకరు గద్వాల సంస్థానం నాళ్లలో రచించిన ప్రబంధానికి రెండు చేతివ్రాత ప్రతులు మిగిలాయి. ఒకటి మా ఇంట, ఒకటి రాజోలి బంధువుల ఇంట. రెండింటినీ నేనే టైపు చేశాను. తేడాలు చూపుమని ఒక్క మాట కొడితే, యంత్రం పాఠభేదమున్న పాదాలను మాత్రమే ఏరి నా ముందు పెడుతుంది. వాటిలో ఏది కవి పాఠమో, ఏది లేఖకుని పొరపాటో తేల్చడం నా పని.

ఆ పనికి గడువు ఉన్నది. నాకు కళ్లలో నీటికాసులు, డాక్టర్ల మాటలో గ్లాకోమా. చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతున్నది. పోయిన చూపు తిరిగి రాదని దవాఖానలో చెప్పారు.

ఆ మాట విని కల్వకుర్తి నుంచి మా తమ్ముని కొడుకు రఘు వచ్చాడు. అక్కడ జిరాక్సు, ఇంటర్నెట్ దుకాణం నడుపుతాడు. నా మీద ప్రేమతోనే కొత్త కంప్యూటరు తెచ్చి, పెద్ద పెద్ద బొమ్మలు పెట్టి, నల్ల తెరను ఎక్కడో దాచిపెట్టాడు.

"పెద్దనాయనా, ఇగ నువ్వేం యాది పెట్టుకునే పని లేదు. బొమ్మ జూడు, ఒత్తు, అయిపాయె."

"యాది పెట్టుకునే పనే లేకుంటే నాతోని ఏం పనిరా?" అన్నాను.

అయినా వారం రోజులు ప్రయత్నించాను. బాణం తెర అంచుకు పోతే నాకు కనబడదు. దానిని వెతికి పట్టేసరికి వెతకదలచిన పద్యం మనసులోంచి జారిపోయేది. ఇది చాలదన్నట్టు ప్రతి పనికీ "నిజంగానే చేయమంటారా?" అని ఆ యంత్రం నన్నే అడుగుతుంది. ఆ వారంలో ఒక్క పద్యమైనా తేలలేదు. రఘును పిలిచి, నా నల్ల తెర నాకు పెట్టి పొమ్మన్నాను.

వాడూ ఊరుకోలేదు. "నీ నల్ల తెర మీద తెలుగు వత్తులన్ని ఇరిగి పడ్తయి. ఒక్క అక్షరం తప్పు గొడితే పుస్తకమంత పోతది. జర సమజ్ చేసుకో పెద్దనాయనా."

రెండూ నిజమే. కాదనను.

కాని వత్తులు విరిగితేనేమి, పాఠాన్ని పైకి చదివి వినిపించమని ఆజ్ఞాపిస్తే వినిపిస్తుంది. చెవితో చదువుకొన్న దేశం మనది. ఇక తప్పు కొడితే పోతుందంటారా... స్వరం తప్పితే దోషమని తెలిసీ మన పెద్దలు వేదాధ్యయనం మానలేదు. మరింత శ్రద్ధగా పలికారు. పైగా ప్రతిదినం ఇంకొక నకలు తీసి దాచుకొనేంత బుద్ధి నాకున్నది.

జగత్తు నామరూపాత్మకమన్నారు. రూపాన్ని పట్టుకొని నడిచేవారు నడవండి. రఘు దుకాణానికి వచ్చే రైతుకు బొమ్మే సులువైతే ఆ బొమ్మ ఉండవలసిందే. నేను నామాన్ని పట్టుకొన్నవాడిని. సులువు చేస్తున్నామంటూ నా నోటిలోని మాట తీసుకొని నా చేతికి బొమ్మ ఇవ్వకండి. అది నాకు ఉపకారం కాదు.

రఘు అలుగుతూనే నా నల్ల తెర నాకు పెట్టి వెళ్లాడు. చెప్పులు తొడుక్కుంటూ, "నువ్వు మారవు పెద్దనాయనా" అన్నాడు.

"మారను."

ఇప్పుడు మూడవ ఆశ్వాసం దాటాను. ఇంకా రెండున్నాయి. పాఠం ముందు తేలుతుందో, చూపు ముందు పోతుందో నాకు తెలియదు. పోయిననాడు కూడా ఏ ఆజ్ఞ కొట్టాలో నా వేళ్లకు తెలుసు, జవాబు వినడం నా చెవికి తెలుసు. పని ఆగదు.

ఈ రోజుల్లో అడగకముందే అన్నీ కళ్ల ముందు పరచి ఉంటున్నాయి... మనకేం కావాలో తేల్చుకొని, దానికి తగిన మాట వెతుక్కొనే ఆ ఒక్క క్షణమే ఎవరికీ లేకుండా పోయింది.

మీ ఇళ్లలోనూ నోరు తెరిచి సరిగా అడిగితేనే దొరికినవి ఏవో ఉండే ఉంటాయి... అవేమిటో కింద రాయండి. బొటనవేలి బొమ్మ నొక్కి వెళ్లిపోయేవారికి నేను బదులివ్వను. ఒక్క మాట రాసినా, తప్పక ఇస్తాను.