డ్రాయింగ్ సారు కూర్చోబెట్టిన మధ్యాహ్నం

డ్రాయింగ్ సారు పోయారన్న మాట పెబ్బేరు సంతలో ఎడ్ల మధ్య నిలబడి విన్నాను. బేరం సగంలో వదిలేసి ఇంటికొచ్చి పడుకున్నాను. నాకు రాయరాదు. చెప్పేది నేను, రాసేది మా కడగొట్టు బిడ్డ. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

చాలా ఏళ్ళ కిందట, కరువొచ్చిన ఏడాది దసరా దాటాక గుజరాతు దిక్కు కాలువ పనికి పోయి, ఎండలు ముదిరాక తిరిగొచ్చాను. ఇప్పుడు రాస్తున్న ఈ బిడ్డే అప్పుడు తన నాయనమ్మ దగ్గరుండి చదువుకునేది. బడి గోడకు పిల్లల బొమ్మలు అంటించారని చూడబోయాను. మా బిడ్డ గీసిన అమ్మకు చీర ఉంది, నెత్తిన తట్ట ఉంది, కాళ్ళకు కడియాలున్నాయి. ముఖం లేదు. పక్క బొమ్మల్లోనూ చాలామంది తల్లులకు లేదు.

నేరుగా సారు మీదికి పోయాను.

“ఏంది సారూ, నా మొకం ఏ కుక్క ఎత్కపోయింది? కూలోళ్ళకు మొకాలుండవా?”

ఆయన కోపగించుకోలేదు. “నన్నడుగుతవేందమ్మా, నీ బిడ్డనడుగు.”

బిడ్డ నేల చూస్తూ, “నాకు యాదికి రాలేదమ్మా. తెల్వనిది గీయొద్దన్నడు సారు” అంది.

సారు తన కుర్చీ నాకు వేశారు.

“జరసేపు కదలకుండ కూసో. పిల్ల చూస్తది.”

“పనికి పోవాలె సారూ.”

“ఇది గూడ పనే.”

కూర్చున్నాను. పైన రేకులు ఎండకు టక్కుటక్కుమంటున్నాయి. బిడ్డ చూపు నా నుదుటి మీద, చెంపల మీద మెల్లగా నడిచింది, మడిలోకి నీళ్ళు పారినట్టు. కళ్ళు తెరిచే ఉన్నా నిద్రలాంటిదేదో కమ్మింది. ఎదురుగా గోడ మీద సారు పేపర్లోంచి కత్తిరించి అంటించిన ఫోటో. ఎక్కడిదో ఎండిన దేశం, నెత్తిన బిందెతో ఒక తల్లి. ఆమె గోడ దిగొచ్చి నా పక్కన కూర్చుందనిపించింది. ఆమె వెనుక ఇంకెందరో, మా మాట రానివాళ్ళు, బిడ్డల్ని వదిలి పనికి పోయినవాళ్ళు, ఒక్కొక్కరే వచ్చి కదలకుండా కూర్చున్నారు.

“ఆమెదేవూరు సారూ?” అని బిడ్డ నా ముఖం గీశాక, ఆ ఫోటో చూపిస్తూ అడిగాను.

“శాన దూరమమ్మా. గాని నీ బిడ్డ బొమ్మ ఆమెకు చూపిస్తే, విడమర్చి చెప్పే పనుండదు.”

అప్పటినుంచి వలస పోయిన కూలీల లారీలు తిరిగొచ్చినప్పుడల్లా సారు తల్లుల్ని బడికి పిలిచేవారు. పూలకుండీలు మానేసి ఎండిన బావులు, తాళాలేసిన ఇళ్ళు గీయించారు. చెవి మీదే పెన్సిల్ పెట్టుకుని దానికోసం బడంతా వెతికేవారు. “గివి పరీక్షల అడుగుతరా?” అని తోటి సార్లు నవ్వితే, “బతుకుల అడుగుతరు” అనేవారు. నా ముఖం నా బిడ్డకు తిరిగిచ్చిన మనిషి ఆయన.

ఇప్పుడు పెద్దసారు ఆ బొమ్మల పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేస్తానంటున్నారు. లెక్కలు రావాలి, కాదనను. మరి చూడడం ఎవరు నేర్పుతారు? ఆ దూరదేశపు తల్లి కష్టం మా పిల్లలకు ఏ లెక్కలో దొరుకుతుంది? చదివేవాళ్ళు మీరే చెప్పండి. సారు కోసం బడిలో పెట్టిన సంతాప సభలో అందరి ముందూ ఇదే అడిగాను. పెద్దసారు గడియారం చూసుకుని, “సరే అవ్వా, ఇయ్యాల ఒక్క పీరియడ్ గీసుకోనియ్యి. తర్వాత చూద్దాం” అన్నారు.

పిల్లలు వరండాలో బోర్లా పడుకుని సారును గీయసాగారు. మొన్ననే బడిలో చేరిన ఒక పిల్ల ఖాళీ కాగితంతో కూర్చుని, “నేను సారును చూడనే లేదు. ముక్కెట్లుంటది?” అంది.

“గిట్ల” అన్నారందరూ. చిన్న చిన్న వేళ్ళు గాలిలో లేచి, ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఆయన ముక్కును గీశాయి. వాటి వెనుక, తనకే తెలియకుండా, పెద్దసారు వేలు కూడా.